దమ్ము అన్న మాట

2023లో ధర్మవరంలోని ఒక ఆసుపత్రిలో, పొగాకు మాన్పించే విభాగంలో నర్సుగా చేరాను. మాది తెనాలి వైపు. బీడీ, సిగరెట్ మానాలని వచ్చినవాళ్లతో మాట్లాడటం, వాళ్లచేత సీఓ మీటర్‌లో ఊదించడం నా పని. ఆ చిన్న యంత్రం ఊపిరిలో పొగ ఆనవాళ్లను పట్టిస్తుంది. నాకు నోరు కాస్త ఎక్కువ. ఆ నోటికి భయపడే చాలామంది మానేశారని గర్వం కూడా ఉండేది.

నాగరాజు పట్టుచీరలు నేసేవాడు. నలభై ఆరేళ్లుంటాయి. చదువుకునే రోజుల్లో దూరపు పరుగుల్లో బహుమతులు తెచ్చుకున్నాడట. మగ్గం ఎక్కిన ఏడాదే బీడీ మొదలైంది, పరుగు ఆగిపోయింది. అతను బీడీ మానాలనుకున్నది ఆరోగ్యం కోసం కాదు, మళ్లీ పరిగెత్తడం కోసం. రెండుసార్లు మాని, రెండుసార్లూ రిలాప్స్ అయ్యాడు. మానినవాళ్లు తిరిగి మొదలుపెడితే మేం అలా అంటాం. రెండుసార్లూ తాగలేదని బొంకాడు, మీటర్ పట్టించింది.

మూడోసారి మానిన రెండు నెలలకు మొహమంతా నవ్వుతో వచ్చాడు. పొద్దున్నే బత్తలపల్లి రోడ్డులో రెండు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తుతున్నాడట. మగ్గం గుంతలో కూర్చునే కాళ్లకు ఈ వయసులో ఇదేం పిచ్చని భార్య నవ్వుతోందట. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

తర్వాతి వారం వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మళ్లా దమ్ము మొదులైందమ్మా. పరిగెత్తేకి అయితా లేదు," అన్నాడు.

మా వైపు దమ్మంటే బీడీ పీల్చడమే. నాకు ఒళ్లు మండిపోయింది. మూడోసారి కూడా సిగ్గు లేదా, ఇక నా దగ్గరికి రావద్దు అని అరిచాను. బయట వరుసలో ఉన్నవాళ్లంతా విన్నారు. మీటర్ బల్ల మీదే ఉంది. ఊదమని అయినా అనలేదు. అతను ఏదో చెప్పబోయి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

పది రోజులకు గుండెపోటుతో అతన్ని మా ఆసుపత్రికే తెచ్చారు. దమ్మొస్తాందని చెప్పేదానికే మీ దగ్గరికి వచ్చినాడు, మీరు తిట్టినాక ఇంక యాడికీ పోలేదు అని అతని భార్య ఏడ్చింది. ఈ పక్క దమ్మంటే ఆయాసమని మా విభాగంలో పనిచేసే ఆయమ్మ అప్పుడు చెప్పింది. ఆ రోజే ఈసీజీ తీయించి ఉంటే గుండె సంగతి బయటపడేదేమో. ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అతను తేరుకున్నాక వార్డుకు వెళ్లి, తప్పు నాదేనని అతని ముందు ఏడ్చాను.

"నీదేముందిలేమ్మా. రెండు తూర్లు బొంకినోని మాట ఎవురు నమ్ముతారు?" అన్నాడు. ఆపైన మెల్లగా అడిగాడు. "ఇంక పరిగెత్తకూడదని డాక్టరు చెప్పినాడు. బీడీ మానింది దానికే గదా. ఇప్పుడు దేనికని మానుకోని ఉండల్ల?"

పిల్లలు, ఆరోగ్యం, ఆయుష్షు అంటూ అందరికీ రోజూ చెప్పే మాటలు నా దగ్గర బోలెడున్నాయి. వాటిని పక్కనపెట్టి, అతని మంచం పక్కన కూర్చున్నాను.

అర్థం కాని మాటైతే ఎవరైనా మళ్లీ అడుగుతారు. నేనిప్పుడు అర్థమైందనుకున్న మాటను కూడా మళ్లీ అడుగుతాను. నేనిది నేర్చుకునేసరికి నాగరాజు పరుగు పోయింది.