ప్లాట్‌ఫారం దాటి ఆగిన పెట్టె

కరీంనగర్‌కు అప్పట్లో రైలు లేదు. బస్సులో గంటకు పైగా పోతేనే మాకు స్టేషన్. డెబ్బైల మొదట్లో అక్కడ దిగేది పట్టుమని పదిమంది. ప్లాట్‌ఫారం మీద మేకలు తీరిగ్గా పడుకునేవి. తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం అటే గుంజుతుంది. తర్వాత బొగ్గుబాయిలు పెరిగాయి, జనం పెరిగారు, రైలుకు పెట్టె మీద పెట్టె తగిలించారు. ప్లాట్‌ఫారం మాత్రం జానెడు పెరిగితే ఒట్టు!

తొంభైలలో దాన్ని పొడిగించేదాకా చివరి పెట్టెలు కంకర మీదే ఆగేవి. దిగడానికి మావాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ముందు ఒకరు కిందికి దూకి మూటలు అందుకోవాలి. ఆ తర్వాతే ముసలివాళ్లను దించాలి.

ఎనభైలలో ఒక మధ్యాహ్నం మా అవ్వకు వరంగల్‌లో కంటి ఆపరేషన్ చేయించి తీసుకొస్తున్నాను. కన్నతల్లిని మా దిక్కు అవ్వ అంటాం. ఆమెకు ఒక కంటికి పట్టీ, రెండో కన్ను అంతంత మాత్రం. ఆ రద్దీలో మాకు దొరికింది చివరి పెట్టె. రైలు ఆగేది రెండే నిమిషాలు. దూకాను, మూట అందుకున్నాను. అందులో మందుసీసాలున్నాయి, పగులుతాయని నాలుగడుగులు పోయి గడ్డిలో పైలంగా పెట్టాను. తిరిగి చూసేసరికి రైలు కదిలింది. అవ్వ తలుపులో నిలబడి, చెయ్యి చాపి నాకోసం వెతుకుతోంది.

"అవ్వా, దుంకకు! లోపటికి పో!" అని అరిచాను. వెనక నుంచి ఎవరో ఆమెను లోపలికి లాగారు.

నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. సీసాలు ముఖ్యమా, తల్లి ముఖ్యమా? స్టేషన్ మాస్టరు ఆ రైలు పోయే దారిలో ఉన్న మంచిర్యాల స్టేషన్‌కు ఫోన్ చేసి, "పరేషాన్ గాకు. ఆడ దింపి, తిరుగు బండి ఎక్కిస్తరు" అన్నాడు. అయినా నా కాలు ఒక్కచోట నిలవలేదు.

పొద్దు వాలేవేళకు ఆ బండి వచ్చింది. ఈసారి అవ్వను నడిమి పెట్టెలో ఎక్కించారు. అది ప్లాట్‌ఫారం మీదే ఆగింది. రెండు చేతులూ పట్టి దింపాను.

"బాగ భయపడ్డవా అవ్వా?"

"నాకేం ఫికర్ రా? బెంచీ మీద కూసోబెట్టి చాయ్ తాపిచ్చిండ్రు. నువ్వే ఈడ ఒక్కనివి ఏడుస్తున్నవేమోనని నా పాణం నిమ్మలం లేకుండె."

నాకప్పుడు ముప్పై రెండేళ్లు, ఇద్దరు పిల్లల తండ్రిని. అంతమంది ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. అవ్వ చేత్తో నా ముఖం తడిమి, "సూసినవా, ఏడ్వనే ఏడ్చినవ్" అంది.