మాండా మోకాలూ, మూడో మర కింది ట్రౌటూ

తాడియా ఒకసారి కర్ర లేకుండా, దారం లేకుండా, నీళ్లు కూడా లేకుండా ట్రౌట్ చేపను పట్టాడు. నీళ్లు లేకుండా అన్న మాట వెనక్కి తీసుకోవాలి. ప్లివా నది అప్పుడూ ఒడ్డునున్న పిండిమరలను తిప్పుతూ అక్కడే పారింది, ఇప్పుడూ అక్కడే పారుతోంది. దారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పట్టింది తాడియానా కాదా అన్నదానికి ఫాదర్ లోవ్రో తీర్పు ఉంది. కర్ర లేదన్నది మాత్రం నిజం. ఆ ఒక్క మాట మీద ప్రమాణం చెయ్యమన్నా చెయ్యవచ్చు.

తాడియా కోతమిల్లులో పలకలు చిత్రిక పట్టి పట్టి, రిటైరయ్యాక ఇంటి గడప మీద కూర్చుని ఈకలతో ఈగలు కట్టేవాడు. చేపను మోసం చేసే ఈగలు. కొక్కేన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ఇంకే పనిముట్టూ లేకుండా దాని మీద ఈకా పట్టుదారమూ చుట్టాలి. ఈక అతని బూడిదరంగు కోడిపుంజుది. ఈగలు కట్టే కాలం రాగానే ఆ పుంజు తనే వచ్చి మెడ వంచి నిలబడేదనీ, ఒకవైపు ఈకలు తీశాక తనే రెండో వైపు తిరిగేదనీ చెబుతారు. పట్టుదారం పసుపుపచ్చది. చర్చిలో బలిపీఠం మీద పరిచే గుడ్డకు పువ్వులు కుట్టడానికి అతని భార్య మాండా దాచుకున్న పెట్టెలోంచి వచ్చేది. అది ఎలా వచ్చేదో ఆమె అడిగేది కాదు. పెట్టెకు తాళం మాత్రం రెండుసార్లు మార్చింది.

ఆ నది మీద ఏ ఇద్దరి ఈగలూ ఒకలా ఉండవు. చేతిరాత చూసి మనిషిని గుర్తుపట్టినట్టు, ఈగను చూసి కట్టినవాడి పేరు చెప్పేస్తారు. అందుకే అక్కడ ఒక ఆచారం ఉంది. మీరు పట్టిన చేప మూతికి వేరేవాడి ఈగ గుచ్చుకుని కనిపిస్తే, దాన్ని తీసుకెళ్లి కాటా అనే ఆమె కాఫీకొట్టులో అందరి ముందూ అతని బల్ల మీద పెట్టాలి. అతను అందరికీ రాకియా, అంటే పళ్ల సారా, పోయించాలి. తన ఈగను తనది కాదన్నవాడు ఇంతవరకు ఆ ఊళ్లో పుట్టలేదు.

ఇక మొక్కు సంగతి. ఒక జనవరిలో మాండా కుడి మోకాలు గుమ్మడికాయలా వాచింది. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టుకూ గొంతులోనే చిన్న శబ్దం చేస్తూ దిగేది. ఆమె దిగే సమయానికి తాడియా ప్రతిరోజూ మెట్ల కింద బూట్లు వెతుక్కుంటూ ఉండేవాడు. బూట్లు కాళ్లకే ఉండేవి. ఇద్దరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు.

డాక్టరు మంచు కరిగాక చూద్దామన్నాడు. తాడియా చర్చికి వెళ్లి సెయింట్ జాన్ ముందు మోకరిల్లి, ఈ మోకాలు బాగుచేస్తే మీ పండగ వచ్చేదాకా నదిలో ఈగ వెయ్యను అని మొక్కుకున్నాడు. అప్పటికి మంచు కిటికీల దాకా పేరుకుని ఉంది. చేపలు పట్టడానికి అనుమతి కూడా లేదు. అలాంటి రోజున జూన్ ఎవరికి గుర్తుంటుంది? సెయింట్ జాన్ పండగ జూన్ ఆఖరులో వస్తుంది. ఆ నెల మొదట్లోనే నది మీద నీటిపువ్వు లేస్తుంది. పువ్వంటే పువ్వు కాదు, రెక్కల పురుగు. సాయంత్రమయ్యేసరికి నీళ్లలోంచి వేలకు వేలు లేచి, ఎగిరి, అలసి మళ్లీ నీళ్ల మీదే రాలతాయి. ఏడాదంతా అడుగున బతికే ట్రౌట్లు ఆ రెండు మూడు వారాలూ మర్యాద మరిచి పైకొచ్చి తింటాయి. మిగతా పదకొండు నెలలూ మగవాళ్లు బతికేది దాని కోసమే.

ఈస్టరుకల్లా మోకాలు నయమైంది. మాండా ఆ మొక్కు గురించి ఊరంతా చెప్పింది.

జూన్ రాగానే తాడియా మఠానికి వెళ్లి ఫాదర్ లోవ్రోను కలిశాడు.

"ఫాదర్ గారూ, ఈగలు కట్టడం మొక్కులోకి వస్తుందాండీ?"

"వెయ్యనన్నావు. కట్టనన్లేదుగా."

"గడ్డిలో వేస్తే?"

"గడ్డిలో చేపలుంటాయా?"

"ఉండవండీ."

"అయితే వేసుకో."

"వాన పడి తడిసిన గడ్డిలో?"

ఫాదర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంగీ కింద ఆయన రబ్బరు బూట్లు అప్పటికే తొడుక్కుని ఉన్నారు. "తాడియా, నీ మేలు కోరి చెప్తున్నా, నది దగ్గరికే వెళ్లకు. మూడో మర దగ్గరికి అసలే వెళ్లకు. సాయంత్రాలు అక్కడ నేనుంటాను."

తాడియా వారం రోజులు పెరట్లో గడ్డిపూల మీద ఈగలు వేశాడు. కోళ్లు మొదట బెదిరి, తర్వాత అలవాటుపడ్డాయి. పుంజు ఒక్కటే తన ఈకను గుర్తుపట్టి వెంటపడేది.

ఆ వారాంతంలో అతను కాటా కొట్టులో పేకాడుతుండగా బ్లాజ్ వచ్చాడు. బ్లాజ్ బస్సు డ్రైవరుగా పనిచేసి దిగిపోయినవాడు. చిన్నప్పట్నుంచీ తాడియాకు స్నేహితుడు, అందువల్ల శత్రువు. వస్తూనే ఒక ఈగను పేకముక్కల మధ్య పెట్టాడు. బూడిదరంగు ఈక, పసుపు పట్టుదారం. ఇంకా తడిగా ఉంది.

తాడియా దాన్ని చాలాసేపు చూశాడు. "నాదే. ఎక్కడ దొరికింది?"

"మూడో మర కింద. చేప మూతికుంది."

"పోయినేడాదిది అయ్యుంటుంది."

"తుప్పేదిరా మరి? ఏడాదంతా ఆ చేప నూనె రాసుకుంటూ కూర్చుందా?"

"మూడో మర దగ్గర నువ్వేం చేస్తున్నావ్? అక్కడ ఫాదర్ గారు ఉంటారుగా."

"ఆయన జపం చేసుకోడానికి వెళ్లారు. ఆ పది నిమిషాలే మనకి దొరికేది. నువ్వు సంగతి చెప్పు."

తాడియా కాటాకు చెయ్యి ఊపాడు. ఆమె అందరికీ రాకియా పోసింది. ఆచారం ఆచారమే. పొయ్యడం అవగానే అందరూ అతని వైపు తిరిగారు.

"మొహం కడుక్కుందామని వంగాను. ఈగ టోపీకి గుచ్చి ఉంది. చేప ఎగిరి పీక్కుపోయింది," అన్నాడు తాడియా.

"మొహం కడుక్కోడానికి మీ ఇంట్లో నీళ్లు లేవా?" కాటా అడిగింది.

"ఉన్నాయి. వేడిగా ఉన్నాయి."

"దీనికి దారం ముక్క లేని మాట నిజమే," బ్లాజ్ ఈగను వెలుగులో తిప్పి చూశాడు. "గాలం వేస్తే తెగినప్పుడు ముడి మిగులుతుంది. కానీ నువ్వు ముడి విప్పి మరీ చేపకిచ్చి పంపే రకంరా."

మూడో మర దగ్గర ఏం జరిగిందో తాడియాకూ చేపకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇద్దరిలో మాట్లాడింది ఒక్కరే.

తాడియా ఇంటికి వెళ్లేసరికి మాండా కాలు పీట మీద చాపుకుని కూర్చుంది. వార్త అతనికన్నా ముందే ఇల్లు చేరింది.

"మళ్లీ వాచింది," అంది.

తాడియా చూశాడు. రెండు మోకాళ్లూ ఒకేలా ఉన్నాయి. ఆ మాట అనే ధైర్యం లేకపోయింది.

"నేను గాలం వెయ్యలేదే. టోపీలోంచి..."

"విన్నాను. నా మోకాలిచ్చి చేపని కొనుక్కున్నావు. పండక్కి చెప్పుల్లేకుండా కొండ దాటి సెయింట్ జాన్ గుడికి నడుద్దామనుకున్నా. ఇప్పుడు ముసలమ్మలతో బస్సులో పోతాను. ఎందుకమ్మా అంటే చెప్తాను ఎందుకో."

ఆ పరువు పోతే పోయిందనుకున్నాడు తాడియా. అతన్ని పట్టుకున్నది వేరే భయం. కాసేపటికి మాండా మెట్లు దిగింది. వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని దిగింది. మొదటి మెట్టు దగ్గరే గొంతులో ఆ చిన్న శబ్దం వచ్చింది. నటిస్తోందేమో, నటించడం లేదేమో. వెయ్యకుండానే ఈగ నదిలోకి పోయింది కదా, పైనున్న ఆయన ఆ తేడా చూసుకున్నాడో లేదో. తాడియా మెట్ల కిందికెళ్లి బూట్లు వెతకడం మొదలుపెట్టాడు.

"లే," అంది మాండా ఆఖరి మెట్టు మీదనుంచి. "నిజమే అయితే మళ్లీ చూపించు. ఆదివారం పూజయ్యాక. అందరి ముందూ. ఫాదర్ గారు కూడా రావాలి."

ఆదివారం మూడో మర దగ్గర ఫాదర్ లోవ్రో, బ్లాజ్, కాటా, ఇంకా భోజనానికి తొందర లేనివాళ్లందరూ చేరారు. మబ్బు పట్టి పొద్దున్నే నీటిపువ్వు లేచింది. ఫాదర్ చంకలో గుడ్డసంచీలో కట్టిన గాలపు కర్ర ఉంది. సాక్షిగా వచ్చాననీ, కర్ర అలవాటుకొద్దీ వచ్చిందనీ అన్నారు. మాండా చేతికర్ర మీద ఆనుకుని కుంటుకుంటూ వచ్చి రాయి మీద కూర్చుంది. తాడియా నెత్తిమీది టోపీ లాక్కుని, ముందువైపున ఈగను నల్లదారంతో తనే కుట్టి, ముడి వేసి, మిగిలిన దారం పళ్లతో కొరికింది.

"ఈసారి అరచేతిలోకి జారిపోకుండా," అంది.

తాడియా మర ముందున్న పలక మీద మోకరిల్లి, నీళ్ల మీదికి తల వంచాడు. చుట్టూ ట్రౌట్లు లేస్తున్నాయి. పలక పక్కన లేచాయి, మర చక్రం కింద లేచాయి, ఫాదర్ గారి నీడలో కూడా లేచాయి. టోపీ జోలికి ఏదీ రాలేదు.

"ఒరేయ్, తల కొంచెం ఆడించు. రెక్కలు కొట్టుకున్నట్టు," అన్నాడు బ్లాజ్.

"ఆడిస్తే వేసినట్టవుతుందా ఫాదర్ గారూ?" నీళ్లకేసే మొహం పెట్టి అడిగాడు తాడియా.

"కదలకు."

"ఊపిరి?"

"మెల్లగా తీసుకో."

"నా పెళ్లినాడు కూడా ఇంతసేపు మోకాళ్ల మీద ఉండలేదు," అన్నాడు తాడియా.

"ఉండుంటే బాగుండేది," అంది మాండా.

మెడ పట్టేసింది. అప్పుడు అతనికి అసలు ఇరకాటం అర్థమైంది. చేప రాకపోతే అతను అబద్ధాలకోరు, మొక్కు ఎప్పుడో చెడింది. వస్తే పండగ ముందే అందరి కళ్లెదుటా ఈగతో చేపను పట్టినట్టు, మొక్కు ఇప్పుడు చెడుతుంది. సెయింట్ జాన్‌ను ఏం అడగాలో తోచలేదు. చివరికి చేప మీ ఇష్టం, మోకాలు మాత్రం చూసుకోండి అన్నాడు లోలోపల.

నీళ్లు పగిలాయి. తల తేలికైంది. టోపీ లేదు.

కాస్త దూరంలో అది మళ్లీ తేలి, ప్రవాహానికి ఎదురు ఈదుకుంటూ పోవడం మొదలుపెట్టింది. ఎదురీదే టోపీని అంతకుముందు ఎవరూ చూడలేదు కాబట్టి ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. అది తాడియా పక్కనుంచే, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వెళ్లింది. తాడియా రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకున్నాడు.

"పట్టుకోరా," అన్నాడు బ్లాజ్.

"పట్టను. మొక్కుంది."

"నీ టోపీరా అది."

"పోతే పోనీ."

ఫాదర్ లోవ్రో కర్ర సంచీ తాడు విప్పబోయి తొందరలో ముడి ఇంకా బిగించారు. అందరూ ఆయన వేళ్లకేసి చూస్తుండగా నీళ్లు చిమ్మిన చప్పుడైంది. మాండా చేతికర్ర ఒడ్డున పడి ఉంది. ఆమె లంగా నడుములోకి దోపుకుని, పాచి పట్టిన రాళ్ల మీదినుంచి, కోడిపిల్లను తరిమినంత వేగంగా వెళ్లి టోపీని రెండు చేతులా ఎత్తింది. కింద ట్రౌట్ వేలాడుతోంది.

చాలాసేపు ఎవరూ చేపను చూడలేదు. తాడియా అయితే ఆ మోకాలినే చూస్తున్నాడు. నీళ్లు దాని మీదినుంచి కారుతున్నాయి.

"మోకాలు, వదినా," అన్నాడు బ్లాజ్.

"నువ్వు నోరు మూసుకో," అంది మాండా. తర్వాత కిందికి చూసుకుంది. ఒక కాలు ఎత్తి దించింది. రెండో కాలు ఎత్తి దించింది. గొంతులో ఏ శబ్దమూ రాలేదు.

తీర్పు కోసం అందరూ ఫాదర్ వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకుని, ఈగ ఎవరు కట్టినా, దాన్ని దారానికి ముడివేసినవాళ్లదే చేప అన్నారు. ముడి మాండాది. పట్టిన చెయ్యీ మాండాదే. మాండా ఏ మొక్కూ మొక్కలేదు. తాడియాను ఈ వ్యవహారంలో, కర్రకు బదులు ఎవరో వాడుకున్న వస్తువుగా మాత్రమే చూడాలి.

"మరి మొదటిసారో?" కాటా అడిగింది.

"మొదటిసారి కూడా వంగాడు, చేప తీసుకుంది. అంటే అతను చెప్పింది నిజం. అలాంటిది మాకూ కొత్తే," అన్నారు ఫాదర్.

మాండా ఒక చేత్తో చేపను నీళ్లలోనే పట్టుకుని కొక్కెం జార్చింది. కొసన ఎదురుముల్లు లేని కొక్కెం కాబట్టి ఇట్టే వచ్చేసింది. "చిన్నది," అని వదిలేసింది. బ్లాజ్ లెక్కన అది మూర పొడవుంది. కాటా కొట్టుకు చేరేసరికి ఇంకా పెరిగింది.

పండగనాడు మాండా చెప్పులు లేకుండా కొండ దాటింది. ఆడవాళ్లందరికన్నా ముందు నడిచింది. వెనక తాడియా ఆమె బూట్లు మోసుకుంటూ వచ్చాడు. ఆ సాయంత్రానికి నీటిపువ్వు ఒక్కటీ మిగల్లేదు. అయినా అతను నది దగ్గరికి వెళ్లి, చీకటి పడేదాకా ఈగ వేసి, ఏమీ పట్టకుండా సంతోషంగా ఇంటికొచ్చాడు.

ఈ కథ ఆ నది మీద అందరికీ తెలుసు. తాడియాను అడిగితే మాత్రం కడుతున్న ఈగ మీదనుంచి చూపు తిప్పడు.

"అంతా అబద్ధం. ఆ ఏడాది పండగ దాకా నేను నది మొహమే చూళ్లేదు. టోపీ పెట్టుకునే అలవాటు నాకెప్పుడూ లేదు. మాండాకి మోకాలి నొప్పన్నదే రాలేదు."