ఏడు చీరల మూట

నిన్న పొద్దున నేనొక మాట అన్నాను. "చెత్తే" అన్నాను. అది చెత్త కాదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

నంద్యాలలో మాది బట్టల అంగడి. మా నాయన కాలం నుంచి అదే బజారు, అదే తలుపు నంబరు. ముందు మురుగు కాలువ ఉంది. దాని మీద బేతంచెర్ల నాపరాళ్ళు పరిపించింది నేనే. ఆ రాళ్ళు దారిలోకి రెండడుగులు వచ్చాయి. పదిహేనేళ్ళలో ఎవరూ అడగలేదు. ఆ రాళ్ళ మీద నాలుగేళ్ళుగా ఒక అవ్వ ఉంటోంది. పగలు కూర్చుని బొంతలు కుడుతుంది, అంగడి మూశాక అక్కడే పడుకుంటుంది. డెబ్బై దాటి ఉంటాయి. ఆళ్ళగడ్డ పక్కన ఏదో పల్లె. భర్త పోయాక ఒక వానకు కొట్టం కూలిపోయింది. జాగా వేరేవాళ్ళది, మళ్ళీ వేసుకోనివ్వలేదు. అంతకు మించి నాకు తెలియదు. నాలుగేళ్ళలో నేను అడగలేదు.

మొదట పీలికల కోసం వచ్చింది. మేము చించి పక్కన పడేసే ముక్కలు ఏరుకుని, వాటిని బొంత అంచుకు వేసేది. నేను వచ్చేసరికి అంగడి ముందు ఊడ్చి, నీళ్ళు చల్లి ఉండేది. ఎవరూ చేయమనలేదు. నేనూ వద్దనలేదు.

మా వైపు కొన్ని ఇళ్ళలో పెద్దామె పోతే ఆమె కట్టిన నూలు చీరలు ఎవరికీ ఇవ్వరు. వాటిని పొరలు పొరలుగా వేయించి బొంత కుట్టిస్తారు. ఏడాది తిరిగే నాటికి అది ఇంట్లో పరవాలి. అట్లాంటి చీరలు అవ్వ చేతికి వస్తుండేవి. ఆళ్ళగడ్డ నుంచి కూడా తెచ్చి ఇచ్చేవాళ్ళు. చీరలన్నీ ఒక దుప్పటిలో మూట కట్టి, మా షట్టరుకు ఆనించి పెట్టుకునేది.

పోయినేడు మున్సిపాలిటీ నుంచి కొత్తగా గట్టి ఆర్డర్లు వచ్చాయి. దారి పక్కన సామాన్లు పెట్టకూడదు, బట్టలు ఆరేయకూడదు, పడుకోకూడదు. పెడితే జరిమానా. అవ్వ ఒకసారి కుట్టిన బొంతను ఎదురుగా ఉన్న ఇనుప కమ్మీ మీద ఎండేసింది. జరిమానా చీటీ రాసే మనిషి వచ్చి డోర్ నంబరు అడిగాడు.

"నాకు తలుపే లేదప్పా, నంబరు యాడిది?" అంది అవ్వ.

"నంబరు లేకుంటే చీటీ తెగదవ్వా. ఏదో ఒకటి చెప్పు."

అవ్వ తలెత్తి మా అంగడి మీద రాసి ఉన్న నంబరు చూపించింది. అతను అదే రాసుకున్నాడు. రెండోసారి, పడుకున్నందుకు పడిన చీటీలోనూ అదే నంబరు. రెండు బొంతల కూలి అట్లా పోయింది. కొన్నాళ్ళకు నాకు కాగితం వచ్చింది. ఈ నంబరు మీద రెండు జరిమానాలు ఉన్నాయి, మూడోది పడితే అంగడి లైసెన్సు ఆగుతుందని.

నేను ఆ కాగితం పట్టుకుని అవ్వ మీద అరిచాను. "నా నంబరు ఎందుకు చెప్తివి?"

"ఇంగేం నంబరు చెప్పాలప్పా? నాకు తెలిసింది అదొక్కటే."

నిన్న పొద్దున ఆరున్నరకే అంగడికి వెళ్ళాను. పెళ్ళిళ్ళ సరుకు దిగాల్సి ఉంది. అవ్వ లేదు. రోజూ ఆ వేళకు బస్టాండుకు నడిచి వెళ్తుంది. మరుగుదొడ్డి, నీళ్ళు అక్కడే. ఇక్కడే ఎక్కడో కూర్చుంటే దానికీ జరిమానా ఉంది. పోయి రావడానికి ఆమెకు అరగంట పడుతుంది. ఆ అరగంట మూట ఒక్కటే ఉంటుంది. సరిగ్గా అప్పుడే చెత్త ట్రాక్టరు వచ్చింది.

చెత్త ఎత్తేవాళ్ళ మేస్త్రీ నాకు తెలిసినవాడే. మూట మీద చెయ్యి వేసి అడిగాడు. "అన్నా, ఇది ఎవురిది?"

నేను తాళం తీస్తున్నట్టు వంగి ఉండిపోయాను.

"ఎవురిదన్నా అయితే చీటీ రాయాల. ఎవురిదీ కాదంటే ఎత్తేస్తాం. చెప్పన్నా, బేగా పోవాల."

చీటీ రాస్తే అది మూడోది.

"చెత్తే" అన్నాను.

"చెత్తనా? మడత పెట్టినట్టుండాదే?"

"చెత్తేలేప్పా. ఎత్తకపోండి."

అవ్వ నీళ్ళ సీసాతో తిరిగి వచ్చింది. షట్టరు దగ్గర చూసింది, రాళ్ళ కింద వంగి చూసింది.

"నా మూట యాడప్పా?"

"ట్రాక్టరోళ్ళు తీసకపోయినారు."

"ఏడు చీరలప్పా. ఆళ్ళగడ్డ పాప ఇచ్చినవి, వాళ్ళమ్మవి. వచ్చే పున్నానికి ఏడాది. నావైతే పోతే పోనీలే అందును. నమ్మి ఇచ్చిందప్పా ఆ పాప." నా ముఖం చూసి అంది, "నువ్వుంటే చెప్పుందువు, అది అవ్వ మూట అని. నువ్వు అప్పుడు లోపలుంటివేమో."

నేను తల ఊపాను. చేసిన రెండో తప్పు అది. మొదటిది భయంతో చేశాను. దీనికి ఆ సాకు కూడా లేదు.

పది గంటలకు ఒకామె నూలు చీరలు చూపించమంది. ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను. "పదేండ్లు కట్టినా చిరగదమ్మా, మెత్తబడతాది అంతే." చెబుతూ ఉంటే చెయ్యి ఆగిపోయింది. అట్లా పదేళ్ళు కట్టి మెత్తబడిన చీరలనే కదా పొద్దున నేను ఎత్తకపొమ్మన్నది. ఆమెకు ఏదో చెప్పి పంపేసి షట్టరు దించాను. అవ్వను స్కూటరు ఎక్కించుకుని ఊరి బయట చెత్త యార్డుకు పోయాను.

మేస్త్రీ అక్కడే ఉన్నాడు. సంగతి చెబితే నా వైపు వింతగా చూశాడు. "ఏందన్నా, నువ్వే గదా చెత్త అంటివి? నేను రెండుసార్లు అడిగితి!"

అవ్వ నన్ను చూసింది. కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని కుప్పలోకి దిగింది. నేనూ దిగాను. చెత్త వేరు చేసే ఆడవాళ్ళు ఇద్దరు సాయం వచ్చారు. మధ్యాహ్నం దాకా వెతికితే ఐదు దొరికాయి. తడిసి, పులుసుకూర కారి, ఒకటి అంచు దగ్గర చిరిగి ఉన్నాయి. రెండు దొరకలేదు.

"అంగట్లోవి రెండు కొత్తవి ఇస్తానవ్వా" అన్నాను.

"కొత్తవి ఏం చేసుకుంటారప్పా? వాళ్ళమ్మ కట్టలేదు గదా."

ఆళ్ళగడ్డ బస్సు ఎక్కాం. అహోబిలం పోయేవాళ్ళతో నిండి ఉంది. మా సంచి వాసనకు పక్కవాళ్ళు జరిగి కూర్చున్నారు. శిరివెళ్ళ దాటాక అవ్వ నెమ్మదిగా అంది.

"ఆడ నేనే పారేసుకుంటినని చెప్తా. నువ్వేం మాట్లాడొద్దు."

"ఎందుకవ్వా?"

"ఆ పాప నోరు మంచిది కాదు. నిన్ను నాలుగు మాటలంటాది. నీకు కోపమొస్తాది. తర్వాత నేను యాడ పండుకోవాల?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. చెత్త అన్న మనిషిని కాపాడుకుంటే తప్ప తనకు నిద్రపోయే జాగా ఉండదని ఆమె లెక్క. ఆ లెక్క నేర్పింది నేనే.

ఆళ్ళగడ్డలో, అవ్వ పాప అనే ఆ ఇంటామె వసారాలో మిరపకాయలు ఏరుతోంది. నలభై ఏళ్ళుంటాయి, సేద్యం ఉన్న ఇల్లు. చీరలు ఒక్కొక్కటే తీసి చూసింది. వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఏందవ్వా ఇది? ఐదే ఉండాయి. రెండు యాడ?"

"నేనే పాపా, బస్టాండు కాడ..."

"కాదమ్మా" అన్నాను. "అవ్వ పోగొట్టలేదు. ట్రాక్టరోళ్ళు అడిగితే నేను చెత్త అంటిని."

ఆమె లేచి నిలబడింది. "మా అమ్మ చీరలు చెత్తనా?"

"కాదని తెలుసమ్మా. నా అంగడికి మూడో చీటీ పడతాదని అట్లంటి."

"బట్టలంగడోడివి. చీర యాదో చెత్త యాదో నీకు తెలిసినంత ఎవురికి తెలుస్తాది?"

ఆమె లోపలికి పోయి నీళ్ళు తెచ్చింది. అవ్వకు ఇచ్చింది. నాకు ఇవ్వలేదు.

"ఐదుతో అయితాదా అవ్వా?"

"చిన్నదైతాది పాపా. ఒక పొర తక్కువ."

"చిన్నదే కానీలే. యాడ కూచోని కుడతావు? మళ్ళా ఆ రాళ్ళ మీదేనా?"

అవ్వ నేల చూసింది. నేను అందుకున్నాను. "మా అంగడి లోపల..."

"నిన్నడగలే" అంది ఆమె.

"చూస్తాలే పాపా" అంది అవ్వ. నా మాట మీద ఆమె ఏ భారమూ వేయలేదు.

సాయంత్రం నంద్యాల చేరాక మెట్ల కింద గది ఖాళీ చేశాను. పాత అట్టపెట్టెలు తప్ప అందులో ఏమీ లేవు. నాలుగేళ్ళుగా ఏమీ లేవు. చీరలను పెరటి కుళాయి దగ్గర నేనే మూడుసార్లు ఉతికాను. చిరిగిన అంచును అవ్వ వేళ్ళతో సరిచేసి, "దీన్ని లోపలి పొరకేస్తా" అంది. నాతో అన్న మాట అదొక్కటే. గది చూసింది, సూదుల డబ్బా అందులో పెట్టుకుంది. పడుకోవడానికి మాత్రం రాళ్ళ మీదికే పోయింది. లోపల పడుకోమని ఒకసారి అన్నాను, రెండోసారి అడగలేకపోయాను.

ఈరోజు ఆరుకే వచ్చాను. పెరట్లో ఎండ పడదు. ఐదు చీరలూ తెచ్చి ఎదురుగా ఉన్న కమ్మీ మీద ఆరేశాను.

"వద్దప్పా, వాళ్ళొచ్చే యాల" అంది అవ్వ.

"నువ్వు పోయి రా అవ్వా. నేనీడే ఉంటా."

సీసా తీసుకుని బస్టాండు వైపు పోతూ రెండుసార్లు వెనక్కి చూసింది. నేను ఆమె కూర్చునే చోటే కూర్చున్నాను. కాసేపటికి ట్రాక్టరు వచ్చింది. ఈసారి వెనకే చీటీ పుస్తకం మనిషి కూడా ఉన్నాడు. మేస్త్రీ చీరలను చూశాడు, నన్ను చూశాడు.

"ఇవెవురివన్నా?"

"అవ్వవి."

"చూసుకో అన్నా. చీటీ రాయాల్సొస్తాది."

"రాయప్పా. ఆరేసింది నేను. పేరు నాది రాసుకో, నంబరు పైనుండాది."

చీటీ పుస్తకం మనిషి రాసి చింపి ఇచ్చాడు. ట్రాక్టరు ముందుకు పోయింది. నేను చీటీ మడిచి జేబులో పెట్టుకుని, చీరలు రెండో వైపు తిప్పి వేశాను. అవ్వ వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.