అందరూ నవ్వేశాక

ఆదివారం సాయంత్రం నాలుగూ ఇరవైకి మా వదిన కాలింగ్ బెల్ కొట్టింది. వదిన అంటే మా ఆయన అక్క. మయూర్ విహార్‌లో మా సొసైటీకి ఎదురు సొసైటీలోనే ఉంటుంది. మా ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఏడాది తిరక్కుండానే నేనూ మా అమ్మాయీ ఇంగ్లీషు పాటల నాటకానికి వెళ్తున్నామని ఆవిడకు ఎవరో చెప్పారు. ఎవరో ఏమిటి, నేనే చెప్పాను. ఆవిడ ఆపుతుందని ఆశ.

ఆవిడ చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"ఏడాది తిరక్కుండా నాటకాలేటి? నలుగురూ ఏటనుకుంటారు?"

"కౌన్ నలుగురు, అత్తా? ఇక్కడ మనల్ని పెహచాన్తా కౌన్ హై?" అంది మా అమ్మాయి, మమ్మల్ని ఎరిగినవాళ్లు ఇక్కడెవరని. దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది. కోపం మాత్రం హిందీలో వస్తుంది.

"నానున్నాను కదే," అంది వదిన.

అమ్మాయి ఒక టికెట్టు తీసింది. అల్లుడికి ఆదివారం పూట ఆఫీసు పని పడింది కాబట్టి అది మిగిలింది. ఇస్తానంటే వదిన, "తోడొస్తాను. చూడ్డానికి కాదు," అంది. ఇంటికి వెళ్లి జరీ అంచు చీర కట్టుకొని వచ్చింది. చూడ్డానికి రానివాళ్లు కూడా చీర మార్చుకుంటారని అప్పుడే తెలిసింది.

అమ్మాయి ఇల్లు గుర్‌గ్రామ్‌లో. ఆయన పోయినప్పటి నుంచి లాప్‌టాప్‌తో సహా నా దగ్గరే ఉంటోంది. నేను నవ్వడం లేదన్నది దాని ఫిర్యాదు. వంట చేస్తున్నాను, పుస్తకాలు చదువుతున్నాను, పెన్షన్ కాగితాల కోసం తిరిగి వస్తున్నాను. అవేవీ లెక్కలోకి రావు. నవ్వితే సగం తగ్గినట్టేనని ఫోనులో ఒక నిపుణురాలు చెప్పిందట. ఏది తగ్గినట్టో ఆవిడ చెప్పలేదు. నేను ఒక్కసారి నవ్వితే మా పిల్ల నిశ్చింతగా తన ఇంటికి తను వెళ్లిపోతుంది. అది వెళ్లాలనే నాకూ ఉంది. అంతమాత్రాన నవ్వు రాదు కదా.

పాటల నాటకాలు మాకు కొత్త కాదు. కంటోన్మెంటులో ఒక బడిలో నేను లైబ్రరీ చూసుకునేదాన్ని. ఊరికి వచ్చిన ప్రతి నాటక బృందమూ బడికి పాసులు పంపేది. ఎవరికీ అక్కర్లేనివి లైబ్రరీకి వచ్చేవి, ఎవరూ చదవని పుస్తకాల్లాగే. మా ఆయన సుబేదారు. శ్రీకాకుళం తెలుగు, సైన్యం హిందీ, ఆజ్ఞలకు సరిపడా ఇంగ్లీషు ఆయన సొత్తు. నాటకం పేరు అడిగేవారు కాదు. "ఏసీ ఉంటాదా?" అని మాత్రం అడిగేవారు.

ఆయన కుడి చెవి ఫిరంగుల దగ్గర పోయింది. అందుకని ఎప్పుడూ నాకు కుడివైపు కూర్చునేవారు, మంచి చెవి నా వైపు ఉండేలా. హాలంతా నవ్వగానే మోచేత్తో పొడిచేవారు. "ఏటన్నాడు?" పాటలు చెప్పనక్కర్లేదు, జోకులు మాత్రం చెప్పాలి. తర్వాతి జోకు వచ్చేలోపు చెప్పాలి. విశేషణాలకు టైము ఉండదు. ఎవరు, ఎవరితో, ఏమన్నారు. నేను రాసే వాక్యాలు పొడిగా ఉంటాయని కొందరు అంటారు. ఆ చదువు అక్కడిదే.

చెప్పాక ముందు ముక్కులోంచి ఒక ఊపిరి. తర్వాత రెండు క్షణాలు ఏమీ ఉండదు. తర్వాత పరేడ్ మైదానమంత నవ్వు, ఒక్కరిదే. అప్పటికి హాలు నవ్వడం అయిపోయి ఉండేది. వేదిక మీదివాళ్లు విషాదగీతం మొదలుపెట్టి ఉండేవాళ్లు. ముందు వరసల వాళ్లు వెనక్కి తిరిగేవాళ్లు. నేను ఇంకొకరి భార్యలా కూర్చునేదాన్ని.

ఈ నాటకం వసంత్ కుంజ్ అవతల ఒక కొత్త ఆడిటోరియంలో. దేశదేశాలూ తిరుగుతూ వచ్చిన బృందమట. గేటు దగ్గర గార్డు వదిన సంచీ తెరిచి జంతికల డబ్బా బయటకు తీశాడు.

"ఆంటీజీ, బాహర్ కా ఖానా అలౌడ్ నహీ హై."

"అందర్ నహీ ఖాయేగా, భయ్యా. పాస్ మే రఖేగా," అంది వదిన, నలభై ఏళ్లుగా ఢిల్లీని గెలుస్తున్న హిందీలో.

లోపల తిననన్న హామీకి ఢిల్లీ ఈసారి ఓడలేదు. ఆవిడ డబ్బా వెనక్కి లాక్కొని, పక్కకు జరిగి, గోడకు ఆనుకొని డబ్బా ఖాళీ చేసింది. మాకూ తలా నాలుగు పెట్టింది. జరీ చీరలో ఆవిడ, ఆఫీసు బూట్లలో మా పిల్ల, మధ్యలో నేను. సంతాపంలో ఉన్న కుటుంబం లక్షణంగా జంతికలు నమిలింది.

లోపల అమ్మాయి నాకు ఎడమవైపు కూర్చుంది. వదిన కుడివైపు. టికెట్ల మీద నంబర్లు అలా వచ్చాయి. వదిన కళ్లు దించి ఒళ్లో చేతులు చూసుకుంటోంది. అమ్మాయి తెర లేవకముందే నా మొహం చూడడం మొదలుపెట్టింది.

తెర లేచింది. వేదిక మధ్యలో శవపేటిక.

నన్ను నవ్వించడానికి లోకంలోని హాస్య నాటకాలన్నింటిలోంచి మా పిల్ల ఏరిన నాటకం అది. అప్పులవాళ్లను తప్పించుకోవడానికి ఒక మొగుడు చచ్చినట్టు పడుకుంటాడు, పెళ్లాం ఏడుస్తూ పాడుతుంది. చుట్టాలు నల్లగుడ్డల్లో నాట్యం చేస్తారు.

"ఓ గాడ్," అంది అమ్మాయి నా చెవిలో. "మమ్మీ, నేను రివ్యూస్ చదవలేదు. కామెడీ అని ఉంది, బస్. సారీ. వెళ్లిపోదామా?"

"కూర్చో," అన్నాను. "పాపం, బాగానే ఏడుస్తోంది."

పాట ఆగింది. పెళ్లాం పేటిక మీద వాలి ఒక మాట అంది. పేటికలోంచి ఒక మాట వచ్చింది. హాలంతా నవ్వింది. అమ్మాయి నా పెదవుల వైపు వంగింది. నా పెదవులు దాన్ని నిరాశపరిచాయి.

అప్పుడు కుడివైపు నుంచి మోచేయి తగిలింది.

"ఏటన్నాడు?"

చూడ్డానికి రాని వదిన. నేను ఆలోచించలేదు. అలవాటు చొప్పున తల కుడివైపుకు వంగింది, మాటలు వాటంతటవే వచ్చాయి. "ముప్పై ఏళ్లలో నా మాట ఒక్కటీ వినలేదని ఏడుస్తోంది. పెట్టెలోంచి వాడు, 'ఆఁ? ఏటీ?' అన్నాడు."

ముక్కులోంచి ఒక ఊపిరి. తర్వాత ఏమీ లేదు. తర్వాత మొత్తం నవ్వు.

వేదిక మీద మతగురువు ప్రార్థన మొదలుపెట్టి ఉన్నాడు. ముందు వరసల వాళ్లు వెనక్కి తిరిగారు. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు. మా మామగారికి పుట్టినవాళ్లందరిదీ అదే నవ్వని నాకు అన్నేళ్లూ తెలియదు. నా ముందు ఆవిడ అంత గట్టిగా ఎప్పుడూ నవ్వలేదు. అత్తవారి తరఫు పెద్దరికం అడ్డు.

నాకు నవ్వు వచ్చింది. నాటకానికి కాదు. కానీ వచ్చింది, కాసేపు ఉంది.

ఎడమవైపు తిరిగాను, అమ్మాయి చూసిందో లేదోనని. అది నా మొహం చూడడం లేదు. రెండు చేతుల్లో మొహం పెట్టుకొని ఏడుస్తోంది. ఆ నవ్వును అదీ గుర్తుపట్టింది. దాని నిపుణురాలు ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది.

ఇంటర్వల్ దాకా వదిన ఇంకో రెండుసార్లు అడిగింది. చెప్పాను, ఆలస్యంగా నవ్వింది. ఇంటర్వల్‌లో మూతికంటిన నీళ్లు తుడుచుకుంటూ నన్ను అడిగింది.

"మావోడికీ ఇలాగే చెప్పేదానివేటి?"

"ఆఁ, వదినా."

"ప్రతీదీ?"

"పాటలు తప్ప."

ఆవిడ బాటిల్ మూత బిగించింది. "అయితే మరి అది ఆడికే ఉండనీ, నాకు చెప్పకు. నాను అడిగినా చెప్పకు."

రెండో సగం ఆవిడ తల ఎత్తి వేదికనే చూసింది. అందరూ నవ్వినప్పుడు నావైపు తిరగలేదు. మొగుడు పేటికలోంచి లేచాడు, పెళ్లాం వాణ్ని కొట్టింది, అందరూ కలిసి పాడారు. అలా లేవడానికి హాస్య నాటకాల్లో అనుమతి ఉంది.

క్యాబులో అమ్మాయి ముందు సీట్లో కూర్చుంది. వెనక్కి తిరిగి, "మమ్మీ, నువ్వు నవ్వావా?" అంది, తెలుగులోనే.

"నవ్వాను."

"నేను చూడలేదు యార్."

"చూసీసేన్లే నాను," అంది వదిన చీకట్లోంచి. "నవ్వింది."

ఆ మాట సరిపోయింది. తర్వాతి శనివారం అమ్మాయి లాప్‌టాప్ సర్దుకొని గుర్‌గ్రామ్ వెళ్లింది. ఏడాది తిరిగాక నేనూ వదినా ఇంకో రెండు నాటకాలకు వెళ్లాం. ఆవిడ నాకు కుడివైపే కూర్చుంటుంది. జంతికలు గేటు బయటే తినేస్తాం. హాలు నవ్వినప్పుడు ఆవిడ అడగదు. నేను జోకులు తెలుగులో చెప్పడం మానేశాను.