మెల్లిగా రా అన్న మాట

మొన్న చెరువు గట్టు మీద కాలు జారింది. బందరులో ఎక్స్‌రేకి వెళ్తే, వాచిన నా కాలివేలు చూసి నర్సమ్మ చిన్న కట్టరు తెచ్చింది. మెట్టె తీయాలట. వదులై జారిపోతోందని ఒకప్పుడు నేనే అతుకు వేయించుకున్న పెళ్లినాటి మెట్టె, ఇప్పుడు సబ్బు రాసినా కదల్లేదు. "కట్ చేసేద్దామండీ, నిమిషం పని," అంది. నాకు మనసొప్పలేదు. మా ఆయన వంక చూశాను గానీ పెద్దగా ఆశ లేదు. ఆయన ఓపికంతా ఎవరి మీద ఖర్చయిందో నాకు తెలుసు.

నాగాయలంక దగ్గర రొయ్యల చెరువు పెట్టిన కొత్తలో మాకొక డీజిల్ ఇంజిను ఉండేది. నీళ్లు చిలికే ఏరేటర్లు దాంతోనే తిరిగేవి. ఒకసారి లోపలి సీలు పోయింది. అది మార్చాలంటే ముందు గేరు ఊడదీయాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టి అది షాఫ్టును వదలనంది. "రెండు పోట్లు వేస్తే అదే వస్తుంది బావా," అంటూ పక్క చెరువాయన సుత్తి ఎత్తాడు. మా ఆయన ఆ సుత్తి లాక్కుని గడ్డిలోకి విసిరేశాడు. గేరు పన్ను విరిగినా, షాఫ్టు వంగినా ఇక అంతేనట. కిరసనాయిలు పోసి నాననిచ్చాడు. గేర్లు ఊడలాగే పుల్లరు తెచ్చి, దాని కాళ్లు గేరు వెనక తగిలించి, నడిమి బోల్టు కాస్త బిగించి ఆగాడు. షాఫ్టు వేడెక్కకుండా దానికి తడిగుడ్డ చుట్టి, గేరును చుట్టూ సమంగా వెచ్చబెట్టాడు. మళ్లీ ఓ పిసరు బిగింపు. నేనిచ్చిన టీ చల్లారి మీగడ కట్టింది. "తొందరేం లేదమ్మా, మెల్లిగా రా," అన్నాడు. నాతో కాదు, గేరుతో. చివరికది టప్పున వదిలి, ఒంటి మీద గీతైనా పడకుండా ఆయన చేతిలోకి వచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. అంతకు కొద్దిరోజుల ముందే, గొలుసు కొక్కెం జాకెట్టుకు పట్టుకుంది చూడండి అంటే, ఒక్క గుంజు గుంజి తెంపిన మనిషి ఈయనే. సవతి అంటే ఆడమనిషే కానక్కర్లేదని ఆ రోజు తెలిసింది. ఇంజిను తుడవడానికి నా పాత చీరలివ్వడం మానేశాను. ఆయన తన పంచెలు చింపుకున్నాడు గానీ దాన్ని మాత్రం మాసిపోనివ్వలేదు.

మొన్న ఆయన కట్టరు పక్కన పెట్టించి, ఐసు అడిగాడు. కింద కూర్చుని నా పాదం ఒళ్లో పెట్టుకున్నాడు. వాపు తగ్గేదాకా వేలికి ఐసు అద్ది, సబ్బు రాసి, మెట్టెను ఇటు కొంచెం అటు కొంచెం తిప్పుతూ కూర్చున్నాడు. "తొందరేం లేదమ్మా, మెల్లిగా రా." మెట్టె వచ్చేసింది. నా కళ్లల్లో నీళ్లు చూసి నొప్పి అనుకుంది నర్సమ్మ.

ఆ మాట మెట్టెతో అన్నాడో, నాతో అన్నాడో అడగలేదు. ఆ ఇంజిను పాత ఇనుములోకి పోయి చాలా ఏళ్లయింది. ఇన్నాళ్లకు మిగిలింది నేను కాబట్టి, నాతోనే అనుకున్నాను.