నాయుడు తాత చెవిలో ఓడ

కరోనాకు ముందు సంవత్సరం. కోయంబత్తూరు గాంధీపురంలో, బస్టాండు హారన్లకు రెండు వీధుల అవతల మా క్లినిక్. నేను ఆడియాలజిస్టును. వినికిడి పరీక్షించి, అవసరమైనవాళ్ళకు హియరింగ్ ఎయిడ్ అమర్చడం నా పని. చెవులు వినబడనివాళ్ళతో నాకెప్పుడూ పేచీ లేదు, వాళ్ళ బంధువులతోనే. అరిస్తే చాలు, అంతా వినబడుతుందనుకుంటారు.

మేట్టుపాళయం నుంచి వచ్చిన ఆ దంపతులు మాత్రం అరుచుకోలేదు. రంగసామి నాయుడు తాతకు ఎనభై దాటాయి. కుర్రతనంలో నేవీలో పనిచేసి, తర్వాత వక్కల వ్యాపారంలోకి దిగాడు. భార్య అలమేలవ్వకు అప్పుడే గొంతు ఆపరేషన్ అయింది. గట్టిగా మాట్లాడితే ఉన్న గొంతు కూడా పోతుందని డాక్టర్లు భయపెట్టారు. ఇన్నేళ్ళూ ఆమె అరిచి చెబితే ఆయన వినేవాడు. ఇప్పుడు అదీ లేదు.

"ఇంట్లో ఇద్దరమూ బొమ్మల మాదిరి కూసోని ఉండాము, అమ్మణీ" అంది అవ్వ గుసగుసగా.

ఆయన ఆడియోగ్రామ్ చూశాను. వినికిడి ఎంత మిగిలిందో చూపించే పటం అది. సన్నని శబ్దాలు దాదాపు అన్నీ పోయాయి. పెద్ద మోతల మధ్య పనిచేసినవాళ్ళకు అంతే. ట్రయల్‌కు ఎయిడ్ పెట్టాను. తాత ముఖం ఒక్కసారి విప్పారింది. అంతలోనే ఏదో పోగొట్టుకున్నవాడిలా అటూ ఇటూ చూసి, దాన్ని తీసి బల్ల మీద పెట్టేశాడు.

నొప్పిగా ఉందా అని తమిళంలో రాసి చూపించాను. మా ఇళ్ళలో మాట తెలుగు, రాత తమిళం.

"నొప్పి లేదు అమ్మణీ. నాకు ఇది వద్దు."

రెండోసారి వచ్చినప్పుడూ అదే తంతు. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండింది. అయినా ఓపిక తెచ్చుకుని, ఎయిడ్ లేనప్పుడు చెవిలో ఏమైనా వినబడుతుందా అని రాశాను.

తాత కాగితం చదివాడు. "కప్పల్ సత్తం" అన్నాడు.

ఓడ చప్పుడు! బయట ఏమీ మోగకపోయినా చెవిలో మోగడాన్ని మేం టినిటస్ అంటాం. హెడ్‌ఫోన్లో ఒక్కో శబ్దం వినిపిస్తూ, మీ చెవిలో మోత ఇలాగే ఉందా అని పోల్చి చూస్తాం. ఒకచోట తాత గబుక్కున చెయ్యెత్తాడు.

"ఇదే! బాయిలర్‌కు గాలి తోసే ఫ్యాను. ఇదే సత్తం!"

అప్పుడు చెప్పాడు ఆ ఓడ కథ. యుద్ధకాలంలో ఇంగ్లండులో కట్టిన డిస్ట్రాయర్, అంటే తక్కిన ఓడలకు కాపలాగా పరిగెత్తే యుద్ధనౌక. సముద్రం మీద సరుకు ఓడలను కాచింది. యుద్ధం ముగిశాక వాళ్ళకు బరువైంది, మన నేవీకి అమ్మేశారు. పాత పేరు పోయి కొత్త పేరొచ్చింది. మీసాలు సరిగ్గా రాని వయసులో తాత దాని బాయిలర్ గదిలో చేరాడు.

"ఇంగ్లీషువాళ్ళు గీకిన పేర్లు పెయింటు కింద అట్లే ఉండె. మనుషులు మారినా అది ఏమీ అనలేదు అమ్మణీ. మంట వేస్తే పరిగెత్తె."

ముసలిదయ్యాక కుర్రవాళ్ళకు పని నేర్పే ఓడ అయింది. చివరకు తుక్కు కింద పోయింది.

"ముక్కలు చేసేసినారు. ఒక బోల్టు కూడా మిగలలే. నా చెవిలో మాత్రమే ఉండాది. ఆ మిషన్ పెడితే అదీ నిలిచిపోతాది."

నిజమే. బయటి శబ్దాలు లోపలికొస్తే చాలామందికి ఆ మోత అణిగిపోతుంది. ఎయిడ్ కొనమని చెప్పేటప్పుడు మేం గొప్పగా చెప్పే లాభం అదే.

అవ్వ లేచింది. బల్ల మీద ఉన్న ఎయిడ్ తీసి, తానే ఆయన చెవికి పెట్టింది.

"ఇంట్లో నాకంటే ముందొచ్చిన సవతి ఉండాదని ఇన్నేళ్ళు చెప్పనేలేదే మీరు! సరి, పోనీ. దాని మాట చాలా విన్నారు. నా గొంతు ఇంకెన్నాళ్ళు ఉంటాదో. నా మాటా రవ్వంత వినండి."

తాత ఆమె వైపు తల వంచాడు.

"నీ గొంతు ఇంత చిన్నదయిపోయెనా, అలమేలూ?"

ఫ్యాను నిలిచిందా అని అడిగాను. నిలిచిందని తల ఊపాడు. కాని ఎయిడ్ తియ్యలేదు. పడుకునేటప్పుడు తీస్తే ఆ సత్తం మళ్ళీ వస్తుందని చెప్పాను. నమ్మినట్టు కనబడలేదు.

అప్పటి నుంచి ఎవరి చెవిలో మోతనైనా అణిచేముందు, అది వాళ్ళకు ఏమిటో అడుగుతున్నాను. ఈ పాఠం నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడు, ఎలా ఉందని అవ్వను అడిగాను.

"పగలంతా నాతోనే మాటలు, అమ్మణీ. పడుకోబోయే ముందు మిషన్ తీసి డబ్బీలో పెడతారు. 'డ్యూటీకి పోయొస్తా, అలమేలూ' అని నాకు చెప్పి కళ్ళు మూసుకుంటారు."