గీజర్ పాడైందని నమ్మించాను

ఏళ్లుగా ఈ మాటను లోపలే మోస్తున్నాను. బరువనిపించడం కూడా మానేసింది. పాత నడుము నొప్పిలా అలవాటైపోయింది. కానీ చలికాలం వచ్చి, కామారెడ్డిలో పొద్దున్నే నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయే రోజుల్లో మళ్లీ లేస్తుంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మా అత్తమ్మకు కీళ్లనొప్పులు. చలికి మోకాళ్లు పట్టేసేవి. తెల్లారుతూనే వేడినీళ్లతో స్నానం చేయించి, కాళ్లకు నూనె రాసి, ఆ తర్వాతే నేను బీడీలు చుట్టడానికి చాట ముందు కూర్చునేదాన్ని. ఆమె మంచిదే. ఒక్క మాట అనేది కాదు. అయినా అలసిపోయాను. అలసట ఒక్కటే కారణమా? ఏమో. ఆమె పిలిస్తే వినపడనట్టు పడుకునేదాకా వచ్చాను.

గీజర్ అడుగున మూత తీస్తే వేడి తగ్గించే చిన్న మర ఉంటుంది. బిగించిన రోజు చూశాను. ఒకనాడు మెయిన్ ఆపి, దాన్ని పూర్తిగా తగ్గించేశాను. లైటు వెలుగుతుంది, నీళ్లు కాగవు.

మా ఆయన స్విచ్చు మార్చాడు. ప్లగ్గు విప్పాడు. టెస్టర్ పెట్టి, "కరెంటైతే వస్తున్నది, మరి ఏమైంది దీనికి?" అని తల పట్టుకున్నాడు. నేను పక్కనే నిలబడి టార్చి పట్టాను.

గీజర్ బాగు చేసే మిస్త్రీ ఇప్పట్లో రాలేనన్నాడు. రోజూ స్నానానికి నీళ్లు కాస్తే గ్యాసు సరిపోదు. ఎల్లారెడ్డిలో మా ఆయన అక్క ఉంది. ఆ వదిన ఇంట్లో కట్టెల పొయ్యి ఉంది, అత్తమ్మ కొన్నాళ్లు అక్కడుంటే నయమని నేనే అన్నాను.

బట్టలు సర్దుకుంటూ అత్తమ్మ నా మొహంలోకి చూసింది.

"నువ్వు గూడ జర రికాం ఉంటవు బిడ్డా. నా ఎంబడి శానా పరేషాన్ అయినవు."

"గట్లంటవేంది అత్తమ్మా? గీజర్ బాగు కాంగనే తోల్కొస్తం."

ఆమె వెళ్లాక, మిస్త్రీ వచ్చేలోపే మరను మళ్లీ పైకి తిప్పాను. అతను చూసి ఏమీ పాడవలేదన్నాడు. "రేపే పోయి అవ్వను తోల్కొస్త" అన్నాడు మా ఆయన. చలి తగ్గనీ, అన్నాను. ఆయన రెండోసారి అడగలేదు. మర తిప్పడం ఒళ్లు తెలియని విసుగులో చేశాననుకున్నా, ఈ మాట మాత్రం తెలిసే అన్నాను.

ఒకరోజు వదిన కూలికి పోయాక అత్తమ్మ తనే పొయ్యి మీది గిన్నె దించబోయింది. మోకాలు నిలవలేదు. మరిగే నీళ్లు కాళ్ల మీద పడ్డాయి. షుగర్ మనిషి, పుండ్లు మానలేదు. ఇంటికి తెచ్చుకుని కట్లు నేనే మార్చాను, ఒక్కనాడూ విసుక్కోకుండా. అది ప్రేమా, భయమా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఎండలు ముదరకముందే పోయింది.

"గీజర్ బాగైన దినమే పోయి తెచ్చుకుంటే అవ్వ బతుకుతుండె. నేనే లేటు చేసిన" అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. తినే అన్నం ముందు కూర్చుని అంటాడు. నేను కూర వడ్డిస్తాను.

నా తప్పు ఆయన మోస్తున్నాడు. అది చూస్తూ ఊరుకోవడం మరో తప్పు. క్షమించమని అడగడానికి ఆమె లేదు. ఆయనను అడగాలంటే ముందు చెప్పాలి. ఆ ధైర్యం రేపు వస్తుందని మాటివ్వలేను. గీజర్ పాడవలేదు, నేనే పాడు చేశాను. ఇన్నేళ్లకు ఒక్క మనిషికైనా చెప్పగలిగాను. ఇవాళ్టికి నాకు చేతనైంది ఇంతే.